కణం కథ – 11: ఎరుపూ పచ్చా కలిసిన నలభై నిమిషాలు

పోయిన భాగం లైడెన్‌లో మొదలై లండన్‌లో ఆగింది. 1925లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వు తీసి నీటిమీద పరిచారు. అది కణాల ఉపరితలానికి సుమారు రెట్టింపు మేర పరుచుకుంది. దాంతో కణం చుట్టూ ఉన్నది రెండు వరసల కొవ్వుపొర అని తేల్చారు. పదేళ్ళకు డేనియెల్లీ, డావ్‌సన్ ఆ కొవ్వుకు లోపలా బయటా ప్రోటీన్ పూత వేశారు. 1950ల చివర్లో రాబర్ట్‌సన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో రెండు నల్లగీతలూ మధ్యన ఒక తెల్లచారా చూసి, ఏ జీవి కణానికైనా పొర ఇదే అచ్చులో ఉంటుందన్నాడు. బొమ్మ చక్కగా కుదిరింది. పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. కానీ ఆ బొమ్మలో ఏదీ కదలదు. చచ్చిన కణాన్ని ఓస్మియంలో నానబెట్టి, రెసిన్‌లో బిగించి, పలచగా కోసి చూస్తే కదలిక ఎక్కణ్ణుంచి కనిపిస్తుంది?

ఆ కదలికను బయటపెట్టింది పొరల నిపుణులు కాదు. వాళ్ళ చర్చలతో ఏ సంబంధమూ లేని ఒక వైరస్. ఆ వైరస్‌ను పెంచినవాళ్ళు గానీ, వాడినవాళ్ళు గానీ మొదట్లో పొర గురించి ఆలోచించనే లేదు. ఈ భాగం వాళ్ళ కథ.

పసిపిల్లల ఆస్పత్రి నుంచి ఎలుకల బోనుకు

ఉత్తర జపాన్‌లో సెండాయ్ పట్టణం. 1952లో అక్కడి ఆస్పత్రిలో అప్పుడే పుట్టిన పిల్లలకు నిమోనియా వచ్చింది. కొందరు చనిపోయారు. తొహోకు విశ్వవిద్యాలయంలో మసాహికో కురోయా, నకావో ఇషిదా, వాళ్ళ తోటివాళ్ళు ఆ పిల్లల ఊపిరితిత్తుల ముక్కల్ని నూరి, ఆ ద్రవాన్ని ఎలుకల ముక్కుల్లో వేశారు. ఎలుకలు జబ్బుపడ్డాయి. వాటి ఊపిరితిత్తుల నుంచి కోడిగుడ్లకు ఎక్కిస్తే ఒక వైరస్ చక్కగా పెరిగింది. అది ఎర్ర రక్తకణాలను గుంపులు కట్టించేది. 1953లో ప్రకటించారు. పిల్లల నిమోనియాకు కారణం దొరికిందనుకున్నారు.

తర్వాతి ఏళ్ళలో అనుమానం మొదలైంది. ఈ వైరస్ ప్రయోగశాల ఎలుకల్లో తరచు కనిపిస్తూ వచ్చింది. మనుషులకు దీనివల్ల జబ్బు వస్తుందన్న ఆధారం మాత్రం మళ్ళీ గట్టిగా దొరకలేదు. పిల్లల నుంచి ఎలుకలకు ఎక్కించామనుకున్నది బహుశా ఆ ఎలుకల్లో ముందే ఉంది. ఇవాళ దాన్ని ఎలుకజాతి వైరస్‌గానే లెక్కిస్తారు. పేరు మాత్రం ఊరిదే మిగిలింది: సెండాయ్ వైరస్.

దాన్ని పెంచే పద్ధతి చెప్పుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది. పది, పదకొండు రోజులు పొదిగిన గుడ్డును చీకటి గదిలో దీపం ముందు పెట్టి చూస్తారు. లోపల రక్తనాళాలు ఎర్రగా, పిండం కదులుతూ కనిపిస్తే మంచి గుడ్డు. గాలిగది అంచు దగ్గర పెంకుకు చిన్న చిల్లి పెట్టి, సూదితో వైరస్ ఎక్కించి, మైనంతో మూసి మళ్ళీ పొదుగు పెట్టెలో పెడతారు. రెండు మూడు రోజులయ్యాక గుడ్డును రాత్రంతా చలిలో ఉంచితే పిండం చనిపోతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి. అప్పుడు పెంకు పైభాగం కత్తిరించి, పిండం చుట్టూ ఉన్న పలచని ద్రవాన్ని రక్తం కలవకుండా పీల్చుతారు. ఒక్కో గుడ్డుకు కొద్ది మిల్లీలీటర్లు. ఏ రోజు తీశారు, ఎంతకాలం నిలవ పెట్టారు అన్నది అప్పట్లో ఎవరూ పట్టించుకోని విషయం.

ఒసాకాలో ఒకాడా

ఒసాకా విశ్వవిద్యాలయానికి సూక్ష్మజీవి వ్యాధుల పరిశోధన సంస్థ ఒకటుంది. 1950ల నడుమ అక్కడ యోషియో ఒకాడా అనే యువ వైద్యుడు ఈ వైరస్‌ను ఎర్లిక్ కణితి కణాలమీద ప్రయోగిస్తున్నాడు. ఎలుక పొట్టలో నీరు చేరేలా చేసే కణితి అది. ఆ నీటిలో కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా తేలుతుంటాయి. సూది గుచ్చి లాగితే కోట్ల కణాలు సిద్ధం. కణజాలాన్ని కోయడం, విడదీయడం లాంటి బాధలేవీ లేవు. చాలా ప్రయోగశాలలు ఆ కణితిని ఇష్టపడింది అందుకే.

చిక్కటి వైరస్ ద్రవాన్ని ఈ కణాలకు కలిపి చలిలో ఉంచితే, రక్తకణాల్లాగే ఇవీ గుంపు కట్టాయి. ఇంతవరకూ వింత లేదు. పరీక్షనాళికను వెచ్చని నీటిలో, 37 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచితే మాత్రం కొద్ది నిమిషాలకే కణాల నడుమ సరిహద్దులు మాయమవడం మొదలైంది. అరగంట తిరిగేసరికి ఒకే సంచిలో పది, ఇరవై కేంద్రకాలు ఇమిడి ఉన్న పెద్ద కణాలు తయారయ్యాయి. 1957లో, 1958లో ఒసాకా నుంచి వెలువడే పత్రికల్లో ఒకాడా ఈ సంగతి రాశాడు.

బహుకేంద్రక కణాలు కొత్తవేమీ కావు. క్షయ గడ్డల్లో లాంగ్‌హాన్స్ 1868లోనే వాటిని వర్ణించాడు. తట్టు వైరస్ సోకిన కణాలను సీసాలో పెంచితే అలాగే మారతాయని 1954లో బోస్టన్‌లో ఎండర్స్, పీబుల్స్ చూపారు. తగాదా వేరేచోట ఉంది. అన్ని కేంద్రకాలు ఒకచోటికి ఎలా చేరాయి? కణం విడిపోకుండా కేంద్రకం ఒక్కటే చీలుతూ పోయిందా, లేక వేరువేరు కణాలు ఒకటయ్యాయా? సీసాలో రోజుల తరబడి జరిగే మార్పును చూస్తూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఒకాడా పరీక్షనాళికలో అంతా అరగంటలో ముగిసింది. కణం చీలడానికి ఆ వ్యవధి ఏమాత్రం చాలదు. కాబట్టి కలయికే.

ఇక్కడితో ఆగిపోయుంటే ఒకాడా పేరు ఒక వింతను చూసినవాడిగా మిగిలేది. ఆయన ఓపికగా ఒక్కో మెట్టునూ విడదీశాడు. అతినీలలోహిత కిరణాలతో వైరస్‌ను చంపినా కలయిక ఆగలేదు. అంటే వైరస్ లోపలికి పోయి పిల్లలు పెట్టనవసరం లేదు, దాని పైతొడుగే ఈ పని చేస్తోంది. ద్రవంలో కాల్షియం లేకపోతే కణాలు కలవడానికి బదులు పాడైపోయాయి. కణాలకు శక్తి అందకుండా చేస్తే కలయిక నడవలేదు, శక్తినిచ్చే ఏటీపీ కావాలి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వేరుచేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (ఏటీపీ ఎక్కడ తగిలినా ఆయన పేరు రాయకుండా ఉండలేను, సంపాదకులు ఇప్పటికి రెండుసార్లు కొట్టేశారు.)

1962లో ఒకాడా వ్యాసాలు అంతర్జాతీయ పత్రిక ఎక్స్‌పెరిమెంటల్ సెల్ రిసెర్చ్‌లో వచ్చాయి. అప్పటికి పడమటి దేశాల్లో కణాలను కలపాలనుకునేవాళ్ళు వేరే దారిలో ఉన్నారు. 1960లో పారిస్ దగ్గర బార్‌స్కీ బృందం రెండు రకాల ఎలుక కణాలను కలిపి పెంచుతూ ఉంటే వాటంతటవే అరుదుగా సంకర కణాలు పుట్టాయని చూపింది. బోరిస్ ఎఫ్రుస్సీ దాన్ని అందుకున్నాడు. వాళ్ళది ఎదురుచూసే పద్ధతి. లక్షల కణాల్లో ఎక్కడో ఒకటి కలవాలి, దాన్ని ఏరి పట్టాలి. ఒకాడా దగ్గర ఉన్నది కావాలనుకున్నప్పుడు, కావలసిన కణాల్ని కలిపే మందు. ఆ మందు విలువను మొదట గ్రహించిన ఐరోపావాడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాడు.

మనిషీ ఎలుకా

హెన్రీ హారిస్ సోవియట్ దేశంలో పుట్టి, ఆస్ట్రేలియాలో పెరిగి, పెనిసిలిన్ ఫ్లోరీ వెంట ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చినవాడు. ఫ్లోరీ తర్వాత డన్ స్కూల్ ఆఫ్ పెథాలజీకి అధిపతి అయ్యాడు. ఆయన బుర్రను తొలిచే ప్రశ్న ఒక్కటే: కణంలో పెత్తనం ఎవరిది? కేంద్రకం చెప్పినట్టు చుట్టూ ఉన్న పదార్థం ఆడుతుందా, లేక ఆ పదార్థమే కేంద్రకాన్ని నిద్రపుచ్చి, లేపుతుందా? ఒక కణపు కేంద్రకాన్ని మరో కణంలో పెట్టగలిగితే తేలిపోతుంది.

వైరస్ నిపుణుడు జాన్ వాట్కిన్స్‌తో కలిసి ఆయన చంపిన సెండాయ్ వైరస్‌తో రెండు కణాలను కలిపాడు. ఒకటి ఎర్లిక్ ఎలుక కణం. రెండోది హీలా, 1951లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రికి వచ్చిన హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారపు కణితి నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణం. హీలా కేంద్రకాలకు ముందే రేడియోధార్మిక గుర్తు పెట్టారు కాబట్టి, కలిసిన కణంలో ఏది మనిషిదో ఏది ఎలుకదో విడిగా తెలిసింది. 1965 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వ్యాసం పడింది. లండన్ దినపత్రికలు గగ్గోలు పెట్టాయి. మనిషినీ ఎలుకనూ కలిపేశారంటూ శీర్షికలు, కార్టూన్లు. తర్వాత ఎక్కడ ఏ రాక్షసి పుడుతుందోనని కంగారు. నిజానికి గాజుపలకమీద ఉన్నది కంటికి ఆనని ఓ కణాల గుంపు.

హారిస్ వ్యాసంలో ఒకాడా ప్రస్తావన ఉంది. కానీ లోకానికి కణాల కలయిక ఆక్స్‌ఫర్డ్ సరుకుగానే తెలిసింది. ఒకాడాకు జపాన్ 1987లో సంస్కృతి పురస్కారం ఇచ్చి గౌరవించింది. బయటి దేశాల్లో ఆయనకు దక్కవలసింది దక్కలేదనే నా అభిప్రాయం.

హారిస్ తర్వాతి ప్రయోగంలో మన పొర మొదటిసారి తెరమీదికి వచ్చింది, అదీ అడ్డం పడే పాత్రగా. కోడి ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉంటుంది, కానీ ముడుచుకుని నిద్రపోతుంటుంది. దాన్ని హీలాలోకి పంపితే ఉబ్బి, మేలుకుని, పని మొదలుపెట్టింది. హారిస్ ప్రశ్నకు జవాబు అదే. అయితే కోడి రక్తకణం కలవబోయే ముందు వైరస్ దెబ్బకు దాని పొర కారిపోయేది. ఎర్రని హీమోగ్లోబిన్ అంతా బయటికి పోయి, ఒట్టి పొరా కేంద్రకమూ మిగిలి, అవి హీలాతో కలిసేవి. హారిస్‌కు ఇది లాభమే. కోడి కణపు సరుకు రాకుండా కేంద్రకం ఒక్కటే వచ్చినట్టయింది. ఆ లాభంలో పడి, పొర ఎందుకు కారింది అని ఆగి అడగలేదు. ఆ ప్రశ్న దాదాపు పదేళ్ళు అలాగే ఉండిపోయింది.

కలిసిన కణం పైభాగం గురించి మాత్రం డన్ స్కూల్‌లో కొంత పని జరిగింది. ప్రతి జాతి కణం పొరమీదా ఆ జాతికే చెందిన ప్రోటీన్ గుర్తులుంటాయి. సంకర కణాలమీద రెండు జాతుల గుర్తులూ ఉంటాయని 1967లో వాట్కిన్స్, గ్రేస్ రాశారు. 1969లో హారిస్ బృందం ఇంకో సంగతి చెప్పింది: హీలాతో కలిసిన కోడి కణం తెచ్చిన గుర్తులు కొన్నాళ్ళకు పొరమీద నుంచి మాయమై, కోడి కేంద్రకం పూర్తిగా మేలుకున్నాక మళ్ళీ వచ్చాయి. హారిస్ దృష్టి ఇక్కడా కేంద్రకంమీదే. మొదటి నిమిషాల్లో ఆ గుర్తులు ఎక్కడ ఉన్నాయి, ఎలా తిరిగాయి అన్నది ఆయనకు పట్టలేదు. అది పట్టినవాళ్ళు బాల్టిమోర్‌లో ఉన్నారు, హీలా పుట్టిన జాన్స్ హాప్‌కిన్స్‌లోనే.

చీకటి గదిలో రెండు రంగులు

మైకేల్ ఎడిడిన్ ఎలుకల అవయవ మార్పిడిలో అడ్డొచ్చే గుర్తులమీద పనిచేసే రోగనిరోధక శాస్త్రజ్ఞుడు. ఆయన, తోటి పరిశోధకుడు ఫ్రై కలిసి చేసిన ప్రయోగం 1970లో జర్నల్ ఆఫ్ సెల్ సైన్స్‌లో వచ్చింది. కణపొర చరిత్రలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద మాట చెప్పిన ప్రయోగం మరొకటి నాకు తెలియదు.

ఎలుక కణాలు, మనిషి కణాలు, సెండాయ్ వైరస్. కలిపి, వెచ్చబెట్టి, ఐదు నిమిషాలకు కొన్ని, పది నిమిషాలకు కొన్ని, ఇలా తీసి రంగు పట్టించారు. ఎలుక గుర్తులకు అంటుకునే యాంటీబాడీలకు పచ్చగా వెలిగే రంగు, మనిషి గుర్తులకు అంటుకునేవాటికి ఎర్రగా వెలిగేది. చీకటి గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చుని కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడమే పని. అప్పుడే కలిసిన కణం ఒక సగం పచ్చ, ఒక సగం ఎరుపు. మధ్యలో గీత గీసినట్టు. ఆ తర్వాత తీసినవాటిలో గీత చెదిరింది, రంగులు ఒకదానిమీదికి ఒకటి పాకాయి. నలభై నిమిషాలకు తొంభై శాతం పైగా సంకర కణాల్లో ఎరుపూ పచ్చా చుట్టూరా సమానంగా పరుచుకున్నాయి. ఏ చుక్క ఎవరిదో చెప్పడానికి లేదు.

రాబర్ట్‌సన్ పొర నిజమైతే ఇలా జరగకూడదు.

తొందరపడి తీర్పు చెప్పలేదు వాళ్ళు. రంగులు కలవడానికి వేరే దారులూ ఉండొచ్చు కదా. కణం కొత్త గుర్తులు తయారుచేసి పొరంతా చల్లుతోందేమో? ప్రోటీన్ తయారీని ఆపే మందులు వేశారు, కలయిక ఆగలేదు. లోపల నిలవ ఉన్నవాటిని తెచ్చి అతుకుతోందేమో? కణం శక్తి ఖర్చుపెట్టి ఒక్కొక్కదాన్నీ నెడుతోందేమో? ఏటీపీ తయారుకాకుండా విషాలు వేశారు. కణాలు ఒకటవడానికి శక్తి కావాలని ఒకాడా చూపాడు గదా, ఇక్కడ ఒకటైపోయిన కణంలో గుర్తులు తిరగడానికి మాత్రం అది అక్కర్లేకపోయింది. చివరికి పనిచేసింది ఒక్కటే, చలి. ద్రవాన్ని 15 డిగ్రీల దిగువకు తెస్తే రంగులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వేసవిలో కారే నెయ్యి చలికాలం పేరుకున్నట్టు కొవ్వు గట్టిపడింది, గుర్తులు అందులో ఇరుక్కున్నాయి. అంటే వెచ్చగా ఉన్నంతసేపూ అవి కొవ్వులో తమంత తామే తిరుగాడుతున్నాయి, ఎవరూ నెట్టనవసరం లేదు.

వినగానే ఎవరికైనా ఒక అనుమానం రావాలి. వైరస్ పొరను చెడగొట్టింది కదా, కోడి కణాన్ని కార్చిందీ ఇదే కదా. పొర సహజంగా కదులుతోందా, లేక వైరస్ దాన్ని కరిగించి కదిలించిందా? చాలా గట్టి ప్రశ్న ఇది. పాఠాల్లో ఫ్రై, ఎడిడిన్ ప్రయోగం చెప్పేటప్పుడు ఈ ప్రశ్నను దాటేస్తారు.

జవాబు వైరస్‌తో ప్రమేయం లేని ప్రయోగశాలల నుంచి రావాలి. వచ్చింది కూడా. 1971లో లండన్ మిల్ హిల్‌లో టేలర్, డఫస్, రాఫ్, డి పెట్రిస్ తెల్ల రక్తకణాలమీద వెలిగే యాంటీబాడీలు వేస్తే, కణమంతా ఉన్న గుర్తులు ముందు మచ్చలుగా చేరి, తర్వాత ఒక కొసన టోపీలా పోగయ్యాయి. 1972లో కప్ప కంటిపొరలో కాంతిని పట్టే ప్రోటీన్ తన చోట తాను గిర్రున తిరుగుతోందని అమెరికాలో కొలిచారు. ఎడిడిన్ కూడా ఊరుకోలేదు. 1976కల్లా ఆయన బృందం వెలిగే రంగు పట్టించిన మామూలు కణం మీద లేజర్‌తో చిన్న మచ్చ కాల్చి రంగు పోగొట్టి, చుట్టుపక్కల నుంచి వెలుగు మళ్ళీ ఆ మచ్చలోకి ఎంతసేపట్లో చేరుతుందో లెక్కగట్టింది. ఎక్కడా సెండాయ్ లేదు. పొర కదులుతూనే ఉంది.

ఈలోగా 1972 ఫిబ్రవరిలో సైన్స్ పత్రికలో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సింగర్, సాల్క్ సంస్థకు చెందిన గార్త్ నికల్సన్ కొత్త బొమ్మ గీశారు. కొవ్వు రెండు వరసల పలచని ద్రవం, అందులో ప్రోటీన్లు సగం మునిగో, ఆ చివర నుంచి ఈ చివరకు దూసుకునో తేలుతుంటాయి. డేనియెల్లీ పూత ఊడిపోయింది. ఇవాళ పదకొండో తరగతి పిల్లలు గీసే బొమ్మ అదే. అందులో ఫ్రై, ఎడిడిన్‌ల నలభై నిమిషాలు ముఖ్య సాక్ష్యం. సింగర్ వాదన ప్రధానంగా కొవ్వూ ప్రోటీన్లూ నీటిలో ఎలా ఒదుగుతాయన్న లెక్కలమీద నిలబడింది నిజమే. కానీ లెక్కలు చూసి నమ్మినవాళ్ళకంటే ఆ రెండు రంగుల ఫొటో చూసి నమ్మినవాళ్ళే ఎక్కువ ఉంటారని నా లెక్క.

కారిన పొర

అనుమానపడ్డవాళ్ళది పూర్తిగా తప్పూ కాదు. పొర సహజంగానే కదులుతుందని తేలినా, వైరస్ దాన్ని మార్చదని తేలలేదు. హారిస్ వదిలేసిన ప్రశ్నను ఆక్స్‌ఫర్డ్‌లోనే, జీవరసాయన విభాగంలో చార్ల్స్ పాస్టర్నాక్ అందుకున్నాడు. డాక్టర్ జివాగో రాసిన బోరిస్ పాస్టర్నాక్‌కు మేనల్లుడు ఈయన. 1973లో కింగ్స్‌లీ మిక్లెమ్‌తో కలిసి, కణాలు కలిసేటప్పుడు పొర ఏమేం లోపల ఉంచుతుంది, ఏమేం వదిలేస్తుంది అని కొలిచాడు.

కణానికి రేడియోధార్మిక ఆహారం పెడతారు. అది లోపల ఫాస్ఫేటు తగిలించుకుంటుంది. ఫాస్ఫేటు తగిలిన చిన్న అణువులు మామూలుగా పొర దాటి బయటికి రాలేవు. కణం వాటిని అలాగే దాచుకుంటుంది. సెండాయ్ వైరస్ కలిపి వెచ్చబెట్టగానే అవి బయటి ద్రవంలో కనిపించాయి. పెద్ద ప్రోటీన్లు మాత్రం లోపలే ఉన్నాయి. అంటే పొర చిరిగిపోలేదు, చిన్నవి పట్టేంత సందులు పడ్డాయి. తర్వాతి ఏళ్ళలో ఆయన లండన్ సెయింట్ జార్జ్స్ వైద్య కళాశాలకు మారి ఈ పనిని సాగించాడు. పొటాషియం బయటికి, సోడియం లోపలికి వెళ్ళిపోయి, కణం ఎప్పుడూ నిలబెట్టుకునే విద్యుత్ తేడా కుప్పకూలుతోంది. వైరస్ మోతాదు తక్కువైతే కాసేపటికి సందులు పూడి కణం కోలుకుంటోంది. కాల్షియం ఎక్కువ ఉంటే కారడం తగ్గుతోంది. కాల్షియం లేకపోతే కణాలు పాడైపోతాయని ఒకాడా అప్పుడెప్పుడో రాసినదాని వెనకున్న సంగతి ఇక్కడ తెలిసింది.

సోడియంతోపాటు నీరు లోపలికి వస్తుంది కాబట్టి కణం ఉబ్బుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్టువర్ట్ నటన్ దీన్ని దగ్గరగా చూశాడు. మామూలు కణం పైభాగం నిండా సన్నని వేళ్ళలాంటి మొలకలుంటాయి. వైరస్ పడ్డాక రెండు కణాల నడుమ ముందుగా ఏర్పడేది అతి సన్నని వంతెన, అంతే. అది అంతటితో ఆగిపోవచ్చు కూడా. కణాలు ఉబ్బినప్పుడు మొలకల్లోని మడతలన్నీ విప్పుకుని పొర నున్నగా సాగుతుంది, ఆ సాగుడుకు వంతెన వెడల్పై రెండు కణాలూ ఒక గుండ్రని కణంగా మారతాయి. నటన్, పాస్టర్నాక్‌ల వాదన ఇది: పొరలను అతికేది వైరస్, రెంటినీ ఒకే కణంగా చేసేది ఆ ఉబ్బు. మొదటి అతుకు వేరు, పూర్తి కలయిక వేరు అని విడదీసి చూపడమే వాళ్ళు చేసిన అసలు మేలు.

మరి సందులు ఎక్కడివి? ఇక్కడికి సెండాయ్ మళ్ళీ రావాలి, ఈసారి ఊరు. తొహోకులో మోరియో హొమ్మా, ఇషిదా, వాళ్ళ తోటివాళ్ళు గుడ్లు తెరిచే రోజుమీద దృష్టి పెట్టారు. ఒక్క రోజుకే తీసిన వైరస్ కణాల్లోకి దూరగలదు, అంటే దాని తొడుగు కణపొరతో కలుస్తోంది. కానీ ఎర్ర రక్తకణాలను కార్చదు. అదే వైరస్‌ను గడ్డకట్టించి కరిగిస్తే కార్చుతుంది. గుడ్డులో ఎక్కువ రోజులు ఉన్నదీ కార్చుతుంది. ముసలి వైరస్ తొడుగు అప్పటికే చిట్లి ఉంది. ఆ తొడుగు వెళ్ళి కణపొరలో భాగమైతే, ఆ చిట్లు కణానిదే అవుతుంది. 1976లో ఈ సంగతి వచ్చేసరికి పాతికేళ్ళుగా ప్రయోగశాలలు వాడుతున్నది చాలావరకు ఆ ముసలి, చిట్లిన వైరస్సే.

అదే ఊరూ, న్యూయార్కూ మరో విషయంలో పోటీపడ్డాయి. గుడ్డులో పెరిగిన వైరస్ కణాలను కలుపుతుంది, కొన్ని రకాల ఎలుక కణాల్లో పెంచిన అదే వైరస్ కలపలేదు. ఎందుకు? ట్రిప్సిన్ అనే జీర్ణరసం కొద్దిగా తగిలిస్తే అది కూడా మేలుకుంటుందని హొమ్మా 1971లో చూపాడు. వైరస్ తొడుగుమీది ఒక ప్రోటీన్ రెండుగా తెగితేనే పనిచేస్తుందని 1973లో ఆయన ఓహుచితో కలిసి, 1974లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో షైడ్, చాపిన్ వేరుగా, తేల్చారు. ఆ ప్రోటీన్‌కు ఎఫ్ అని పేరు. తెగాక బయటపడే కొస కొవ్వును ఇష్టపడేది. అది ఎదుటి కణపు పొరలో గుచ్చుకుంటుంది. గుడ్డు ద్రవంలో దాన్ని తెంచే రసం సహజంగానే ఉంది. కురోయా, ఇషిదా 1952లో గుడ్డును ఎంచుకోకపోతే ఈ వైరస్‌కు కణాలను కలిపే శక్తి ఉందని ఎప్పటికి తెలిసేదో!

తట్టు, గవదలు, కేరళను 2018లో కుదిపేసిన నిపా, పసిపిల్లలకు ఊపిరాడనివ్వని ఆర్‌ఎస్‌వీ, ఇవన్నీ సెండాయ్‌కు దూరపు చుట్టాలే. అన్నీ ఇలాంటి ఎఫ్ ప్రోటీన్‌నే వాడతాయి, అన్నీ కణాలను కలిపి బహుకేంద్రక ముద్దలు చేస్తాయి. అయితే ఒంట్లో జరిగేదానికీ ఒకాడా నాళికలో జరిగినదానికీ తేడా ఉంది. నాళికలో వైరస్ బయట నుంచి రెండు కణాలనూ అతికింది. ఒంట్లో వైరస్ ముందు ఒక కణంలో పెరిగి, దాని పొరమీద తన ఎఫ్‌ను మొలిపించి, పక్క కణాన్ని లాక్కుంటుంది. యాంటీబాడీలు తిరిగే బయటి ద్రవంలోకి రాకుండానే కణం నుంచి కణానికి పోవడానికి దానికి ఇదొక దారి.

1970ల చివరికి చాలా ప్రయోగశాలలు సెండాయ్‌ను పక్కనపెట్టాయి. పాలీఎథిలీన్ గ్లైకాల్ అనే చవక రసాయనం అదే పని చేసింది. గుడ్లు లేవు, ఎలుకల గదికి అంటుతుందన్న భయం లేదు. కానీ ఈ వైరస్ వెళ్ళిపోయేముందు ఇంకో పని చేసింది. 1975 ఆగస్టులో కేంబ్రిడ్జ్ నుంచి నేచర్‌లో మూడు పేజీల వ్యాసం వచ్చింది. అర్జెంటీనా నుంచి వలస వచ్చిన సెసార్ మిల్‌స్టైన్, జర్మనీకి చెందిన గేయోర్గ్ కోలర్, చావులేని ఎలుక కణితి కణాన్నీ, యాంటీబాడీ తయారుచేసే ప్లీహకణాన్నీ చంపిన సెండాయ్ వైరస్‌తో కలిపారు. అక్కణ్ణుంచి పుట్టినవే ఇవాళ కేన్సర్ వార్డుల్లో, గర్భ పరీక్ష పట్టీల్లో వాడే మోనోక్లోనల్ యాంటీబాడీలు. వచ్చే భాగంలో ఆ ఇద్దరి కథ, వాళ్ళకు 1984లో వచ్చిన నోబెల్ కథ, దానికంటే ఎక్కువ చర్చ జరిగిన మరో సంగతి: ఆ పద్ధతికి బ్రిటన్ పేటెంట్ తీసుకోలేదు.